చెయ్యి చేరని చోటు

కాంట్రాక్టరుకి అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడని టీవీలో చెప్పినప్పుడు రిపేరక్క ఎవరిదో ప్యాంటు నడుము కుట్టు బ్లేడుతో విప్పుతోంది. ఆ టైలరు షాపులో కొత్త గుడ్డ కత్తిరించేది మాస్టరు. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చెయ్యడం, చిరిగిన చోట చిరిగినట్టు తెలియకుండా కుట్టడం ఆమె పని. అందుకే షాపులో వాళ్ళకీ, వచ్చేపోయే వాళ్ళకీ ఆమె రిపేరక్క.

టీవీలో కాంట్రాక్టరు జైలు గేటు బయట నిలబడి చేతులు ఊపుతున్నాడు. మెడలో దండలు. దేశ రహదారుల సొమ్ము మింగాడని లోపలికి వెళ్ళిన మనిషి దేశానికి రోడ్లు వేసిన మహానుభావుడిగా బయటికొచ్చాడు. మధ్యలో జరిగిందల్లా ఒక్క సంతకం.

"ఏమ్మాయ్, ఇది మీ ఆయన కేసే కదూ?" అన్నాడు కాజాలు కుట్టే ముసలాయన, సూదిలో దారం ఎక్కిస్తూనే.

"అదే బాబాయ్. ఇద్దరిదీ ఒకటే కేసు."

ఫ్లైఓవరు కడుతుంటే దూలం కిందపడి నలుగురు కూలీలు చచ్చిపోయిన కేసు అది. దూలం ఎత్తిన క్రేను కాంట్రాక్టరుది, దాన్ని నడిపింది ఆమె భర్త. ఆ నాలుగు చావులకీ కలిపి ఆపరేటరుకి పదేళ్ళు పడ్డాయి. చావుల మీద విచారణ మొదలయ్యాక పాత లెక్కలన్నీ బయటపడి, సొమ్ము మింగినందుకు కాంట్రాక్టరుకి ఆరేళ్ళు పడ్డాయి. ఇద్దరూ ఒకే నెలలో లోపలికి వెళ్ళారు. ఇప్పటికి రెండేళ్ళు దాటింది.

"అయితే మరి నీదీ పండగే. వెళ్ళవమ్మా, ఇంటికెళ్ళి మీ అత్తగారికి చెప్పు," అన్నాడు మాస్టరు. మాస్టరు నోటి నుంచి త్వరగా ఇంటికి వెళ్ళమనే మాట వచ్చిందంటే అదే పెద్ద విశేషం.

ఇంట్లో అత్త విన్నది విన్నట్టే లేచి, కొడుకు పరుపు చుట్ట విప్పి, మెట్ల మీదకి లాక్కెళ్ళి ఎండలో పరిచి, కర్రతో బాదడం మొదలుపెట్టింది. దుమ్ము లేచి పక్కింటివాళ్ళ గుమ్మంలోకి వెళ్ళింది.

"నేను అననే అన్నాను," అంది, బాదుడు బాదుడుకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "అంత పెద్దమనిషి మనింటికి వచ్చి, మన మంచం మీద కూర్చుని, మన గ్లాసులో నీళ్ళు తాగి మాటిచ్చాడు. ఊరికే పోతుందా?"

"ఏమన్నాడో నీకు గుర్తుందా అత్తా?"

"ఎందుకు లేదు? తప్పు నీదని ఒప్పుకోరా అబ్బాయ్, అధ్యక్షుడు నాకు కావలసినవాడు, నాకు మాఫీ వచ్చిన రోజే నీకూ వస్తుంది, కేసు ఒకటే కదా అన్నాడు. నువ్వు టీ పెడతానంటే వద్దన్నాడు కూడా."

"నువ్వు ఆయన్ని అడిగావు కూడా, క్రేను తాడు పోగులు తెగాయని మావాడు ముందే చెప్పాడు కదా అని."

"అడిగాను. నిజమే పెద్దమ్మా అన్నాడు. కాదనలేదు." అత్త కర్ర పక్కన పెట్టి పరుపు తిరగేసింది. "పోనీలే, ఇప్పుడవన్నీ ఎందుకు. వాడొస్తున్నాడు."

అధ్యక్షుడంటే దేశానికంతటికీ పెద్ద. ఆయన వదిలెయ్యమంటే వదలని జైలు ఒకటి ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. వాళ్ళననేం లాభం, పుస్తకాలు చదివిన ఇళ్ళలో కూడా చాలామందికి తోచదు. ఆ రాత్రి రిపేరక్క భర్త పాత చొక్కాలు రెండు తీసి, జైల్లో ములాఖత్‌కి వెళ్ళినప్పుడల్లా కంటితో కొలుచుకున్న కొలతకి, రెండు వైపులా బిగించి పెట్టింది. మనిషి బాగా చిక్కిపోయాడు. భుజాల దగ్గర కూడా తగ్గించాల్సి వచ్చింది.

*

మర్నాడు జైలుకి ఫోను చేస్తే అలాంటి ఉత్తర్వు ఏదీ రాలేదన్నారు. ఆలస్యమై ఉంటుందనుకుని కోర్టు ఆవరణలో ఉచితంగా కేసులు చూసే లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది. లాయరమ్మ గది మెట్ల కింద ఉంటుంది. పైన ఎవరు నడిచినా మాట ఆపి, వాళ్ళు వెళ్ళిపోయాక మళ్ళీ మొదలుపెట్టాలి.

"మీ ఆయనకి రాదమ్మా," అంది లాయరమ్మ, కుర్చీ చూపించకుండానే. చెడ్డ కబురు చెప్పి చెప్పి ఆవిడకి ముందుమాటలు వాడే అలవాటు పోయింది.

"ఒకటే కేసండీ."

"ఒకటే ప్రమాదం. కేసులు రెండు. రహదారి సొమ్ము దేశానిది. అది మింగితే దేశం చేసిన చట్టం కింద, దేశ కోర్టులో శిక్ష. అలాంటి శిక్షల్నే అధ్యక్షుడు మాఫీ చెయ్యగలడు. మనుషులు చచ్చిపోయిన కేసు రాష్ట్రానిది. రాష్ట్ర చట్టం, రాష్ట్ర కోర్టు, రాష్ట్ర జైలు. అక్కడికి ఆయన చెయ్యి చేరదు. రాజ్యాంగంలోనే అలా గీత గీశారు."

పైన ఎవరో దిగుతున్నారు. ఇద్దరూ ఆగారు.

"ఎందుకండీ అలా గీశారు?"

"ఒక్క మనిషి చేతిలో అంత అధికారం ఉండకూడదని. తనవాళ్ళందరినీ వదిలేసుకుంటాడేమోనని."

"వదిలేసుకున్నాడు కదండీ."

లాయరమ్మ కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుంది. రాష్ట్రం వేసిన శిక్షని వదిలెయ్యగలిగింది గవర్నరేననీ, చావుల కేసుల్లో సగం శిక్ష అయ్యేదాకా గవర్నరు ఆఫీసులో అర్జీ ముట్టుకోరనీ చెప్పింది. అంటే ఇంకా మూడేళ్ళు పోయాక అర్జీ పెట్టుకోవచ్చు. ముట్టుకున్నా వదులుతారని లేదు.

"పాపం, కాంట్రాక్టరుగారికి ఈ సంగతి తెలిసుండదు," అంది రిపేరక్క. "తెలియక మాటిచ్చుంటారు. అడిగితే ఆయనే ఏదో దారి చూస్తారు."

లాయరమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, "అడిగి చూడండి," అంది.

ఇంటికొచ్చి సంగతి చెప్పింది. అత్త అంది: "దేశమంతా ఏలేవాడికి మావాడి దాకా చెయ్యి చాలలేదా? ఆ కాంట్రాక్టరు దాకా ఎలా చాలిందే మరి?" పరుపు ఆ రాత్రి మెట్ల మీదే ఉండిపోయింది.

*

వెతుక్కుంటూ వెళ్ళే పని లేకుండా కాంట్రాక్టరే షాపుకి వచ్చాడు. సన్మానసభ ఉందట, పాత సూటు పట్టడం లేదట. వెంట బావమరిది వచ్చాడు. ఆ బావమరిది ప్లీడరు, బావగారి కేసులన్నీ ఆయనే చూస్తాడు. మాస్టరు ఫ్యాను వాళ్ళవైపు తిప్పి, కుర్చీలు తుడిచి, చివరికి ఏం చెయ్యాలో తోచక టేపు మెడలో వేసుకుని మళ్ళీ తీశాడు.

"బాగా ఒళ్ళు చేశారు సార్," అన్నాడు.

"ఏం చేస్తాం మాస్టారూ. తినడం, కూర్చోడం. పూటపూటా ఇంటి నుంచి క్యారేజీ వచ్చేది. బీపీ ఉందని ఆసుపత్రి గదిలో ఉంచారు." కాంట్రాక్టరు నవ్వాడు. జైలుకెళ్ళి లావైన మనిషిని రిపేరక్క అప్పుడే చూడటం.

అద్దం ముందు ఆయన నిలబడ్డాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుంది. అడగాల్సిన మాట ముందు రోజు నుంచీ సిద్ధం చేసుకునే ఉంది: అయ్యా, మీకు తెలియక అలా జరిగింది, మీరు గవర్నరుగారికి ఒక్క మాట చెబితే చాలు. సూదులు పెట్టడం అయిపోగానే లేచి అడుగుదామనుకుంది. నడుము దగ్గర కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డ ఎంతుందో వేలితో చూసింది. ఉన్నదంతా వదిలితే సరిపోతుంది.

పైన వాళ్ళ మాటలు వాళ్ళవి. కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషి వింటుందని సూటు వేసుకున్నవాళ్ళు ఎప్పుడూ అనుకోరు.

"ఆ రోజు నా మాట విన్నావు కాబట్టి బతికావు బావా," అంటున్నాడు బావమరిది. "డబ్బు కేసులో ఎన్నేళ్ళు పడినా ఫరవాలేదు, పైనుంచి మాఫీ తెచ్చుకోవచ్చు. చావుల కేసులో నీ పేరు ఇరుక్కుందా, అధ్యక్షుడు కాదు కదా ఆయన తాత దిగొచ్చినా పనికిరాడు. అందులో ఎవడో ఒకడు తప్పు ఒప్పుకుంటేనే ఆ ఫైలు మూస్తారు అన్నాను. అన్నానా లేదా?"

"అన్నావులే. ఆ ఆపరేటరు మంచోడు. కాదనకుండా ఒప్పుకున్నాడు."

"మంచితనం కాదు. నీతోపాటు తనకీ మాఫీ వస్తుందనుకున్నాడు."

"నేనే చెప్పాగా," అన్నాడు కాంట్రాక్టరు, అద్దంలో టై సరిచేసుకుంటూ. "ఏదో ఒకటి చెప్పకపోతే ఒప్పుకుంటాడా?"

రిపేరక్క నోట్లో ఆరేడు సూదులున్నాయి. నోరు తెరిస్తే కింద పడతాయి. ఆమె తెరవలేదు. చేతిలో ఉన్న సూది ఆయన నడుముకి గోరంత దూరంలో ఉంది. ఒక్కసారి లోపలికి దిగనిస్తే ఎంత హాయిగా ఉండును అనిపించింది. కానీ ఆ చేతికి పని చెడగొట్టడం అలవాటు లేదు. సూది గుడ్డలోకే వెళ్ళింది, ఎక్కడ దిగాలో అక్కడే దిగింది.

"ఇంకాస్త వదులు కావాలమ్మా, కూర్చుంటే పట్టేస్తోంది."

ఆమె మిగిలిన సూదులు అరచేతిలోకి ఉమ్మింది. "ఇంతకన్నా గుడ్డ లేదండీ."

అప్పుడు ఆయన అద్దంలోంచి ఆమె ముఖం చూశాడు. "నిన్నెక్కడో చూశానే?"

"మా ఇంటికి వచ్చారండీ ఒకసారి. మంచినీళ్ళు తాగారు."

"అలాగా? చాలా ఇళ్ళకి వెళ్తుంటానమ్మా, గుర్తుండదు," అని ఎంతో ఆప్యాయంగా నవ్వాడు. ఆమె సిద్ధం చేసుకున్న మాటకి ఇక పని లేదు. సూటు పని ఆ సాయంత్రానికే పూర్తి చేసి, ఇస్త్రీ చేసి, హ్యాంగరుకి తగిలించింది. ముసలాయన చూసి, "ఎవరికైనా ఇంత బాగా చేస్తావు కదమ్మాయ్," అన్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది.

*

జైల్లో ఆపరేటరు ఇనప జాలీ అవతలికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు.

"టీవీలో చూశాను. ఎప్పుడంటున్నారు? ఈ వారంలోనేనా?"

ఆమె చెప్పబోయేలోపే అతను చెప్పుకుపోయాడు. "కంబళి మా గదిలో తాతకి ఇచ్చేశాను, ఆయనకి చలి ఆగదు. చెప్పులు ఇంకొకతనికి. మగ్గు కూడా ఎవరో అడిగితే ఇచ్చేశాను. రాత్రి ఊరికే దుప్పట్లో పడుకున్నా. ఎంతలే, ఇంకో రెండు రోజులు కదా."

"కంబళి వెనక్కి తీసుకో," అంది ఆమె.

"ఏం?"

ఆమె చెప్పింది. లాయరమ్మ చెప్పింది మొదట, షాపులో విన్నది తర్వాత. మధ్యలో ఒకసారి అతను, "ఆయనకి ముందే తెలుసా?" అని అడిగాడు. "తెలుసు," అంది. జాలీకి ఇవతల ఉన్న బల్ల మీద ఆమె చేతులు ఊరికే ఉండలేక చీర అంచు మడత పెడుతూ విప్పుతూ ఉన్నాయి. అవతల అతని కుడిచెయ్యి మాత్రం, లీవరు పట్టుకున్నట్టు పిడికిలి బిగుసుకుని, కొద్దికొద్దిగా వెనక్కి లాగుతోంది. తనకి తెలియకుండానే. క్రేను ఆపేటప్పుడు అలాగే లాగేవాడు.

"పోగులు తెగాయి సార్, తాడు మార్చాలి అన్నాను," అన్నాడు చివరికి. "మంత్రిగారు చూడటానికి వస్తున్నారు, ఈ ఒక్కటీ ఎత్తెయ్, రేపు మారుద్దాం అన్నాడు కాంట్రాక్టరు. కింద సిగ్నలు ఇచ్చే కుర్రాడు కూడా విన్నాడు. అన్నా, జాగ్రత్తగా ఎత్తు అన్నాడు వాడు. వాడే మొదట పోయాడు."

"తెలుసు."

"నీకు తెలుసు. వాడి పెళ్ళానికి తెలీదు. నేను తాడు చూసుకోకుండా ఎత్తానని కోర్టులో నా నోటితో చెప్పాను కదా. ఆ అమ్మాయి అక్కడే బెంచీ మీద కూర్చునుంది. నా వైపు చూసిన చూపు..." ఆగిపోయాడు. "ఇంటికొచ్చేస్తాను కదా, వచ్చాక కాళ్ళమీద పడి నిజం చెబుదామనుకున్నాను."

గార్డు గడియారం చూసుకున్నాడు.

"చావుల కేసులో ఆయన పేరు లేదు కదూ?" అన్నాడు ఆపరేటరు.

"రాకుండా చూసుకున్నారు."

"ఇప్పుడు వస్తే?"

ఆమె తలెత్తి చూసింది.

"నా శిక్ష అధ్యక్షుడు తియ్యలేడంటున్నావు. అదే శిక్ష ఆయనకి పడితే?"

"ఆయనదీ తియ్యలేడు." అంటున్నప్పుడే ఆమెకి అర్థమైంది. "కానీ నువ్వు కోర్టులో అబద్ధం చెప్పినట్టవుతుంది. నీకు ఇంకా పడుతుందేమో. నన్ను ఆ లాయరమ్మని అడిగి రానీ."

"అడక్కు. పడుతుందంటే నువ్వు ఆగిపోతావు." అతను జాలీకి దగ్గరగా వచ్చాడు. "అమ్మకి చెప్పు, ఇప్పుడప్పుడే రానని. వెళ్ళు. ప్రాసిక్యూటరుకి నిజమంతా చెప్పు, నేనే చెప్పమన్నానని చెప్పు."

వెనక్కి వెళ్ళేటప్పుడు చూసింది. కాళ్ళకి చెప్పులు లేవు.

*

రాష్ట్ర ప్రాసిక్యూటరు గది ముందు బెంచీ మీద పొద్దున్నుంచీ కూర్చుంటే మధ్యాహ్నానికి పిలిచారు. ఆ గదిలోంచే రెండేళ్ళ కింద ఆమె భర్తకి పదేళ్ళు వెయ్యమని కోర్టుని అడిగారు. ప్రాసిక్యూటరు సగం తెల్లబడ్డ మీసాలవాడు. ఆమె చెబుతున్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు గానీ ఒక్క ముక్క రాసుకోలేదు.

"వాళ్ళ మాటలు మీరొక్కరే విన్నారు," అన్నాడు.

"అవునండీ."

"తాడు సంగతి తెలిసినవాడు మీ ఆయన ఒక్కడే. రెండోవాడు చచ్చిపోయాడు."

"అవునండీ."

"కొత్త సంగతేం కాదమ్మా ఇది. ఈ ఆఫీసులో అందరూ అప్పుడే అనుకున్నారు, కాంట్రాక్టరు చెప్పందే ఆపరేటరు ఎత్తి ఉండడని. కానీ తప్పు నాదని ఒక మనిషి వచ్చి నిలబడ్డాక మేం ఇంకొకణ్ణి వెతకం. ఫైలు మూసేస్తాం. పని అలా నడుస్తుంది." సిగ్గుపడలేదు, గొప్పగానూ చెప్పలేదు. వాన పడుతోంది అన్నట్టు చెప్పాడు. "ఇప్పుడు తెరవొచ్చు. పైవాళ్ళు ఊరుకోరు. నన్ను ఇక్కణ్ణుంచి ఎక్కడికో తోసేస్తారు. అది నా గొడవ. మీ గొడవ వినండి. మీ ఆయన ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడు. దానికి వేరే శిక్ష ఉంది. పైగా తాడు పోగులు తెగాయని తెలిసీ ఎత్తానంటున్నాడు, అది చూసుకోలేదనడం కన్నా పెద్ద తప్పు. పదేళ్ళు పన్నెండు కావొచ్చు, పదమూడు కావొచ్చు. గవర్నరుకి అర్జీ పెట్టుకునే దారి కూడా పోతుంది. తెలుసా?"

ఆమెకి తెలియదు. ఇంత ఉందని తెలియదు. మూడేళ్ళు ఓపిక పడితే ఏమో, వదిలేవారేమో. ఇంట్లో ముసలిదానికి ఇంకా పదేళ్ళ ఆయుష్షు లేదు.

"వెళ్ళి ఆయన్ని ఇంకోసారి అడిగి రండి," అన్నాడు ప్రాసిక్యూటరు. గొంతు కాస్త మెత్తబడింది. "నేనేమీ విననట్టే ఉంటాను. ఇందులో మీకొచ్చే లాభం ఒక్కటి కూడా నాకు కనబడటం లేదు."

ఆమె లేవబోయింది. లేచి నిలబడింది కూడా. గుమ్మం దాకా వెళ్ళాల్సిన మనిషి అక్కడే కుర్చీ వీపు పట్టుకుని ఆగిపోయింది.

"ఆయన్ని అడిగితే అదే చెబుతాడండీ," అంది. "ఇంకోసారి వెళ్తే నేనే వద్దంటాను. అందుకే వెళ్ళను."

ప్రాసిక్యూటరు పెన్ను మూత పెట్టేశాడు.

"లాభం లేదని మీరే అంటున్నారు, ఉంటే మీకు తెలిసేదే కదండీ. మా ఆయన ఎలాగూ అక్కడే ఉంటాడు. అధ్యక్షుడి చెయ్యి చేరని చోటు ఈ దేశంలో అదొక్కటే ఉందన్నారు. ఆ కాంట్రాక్టరుని కూడా అక్కడికే పంపండి."

ప్రాసిక్యూటరు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. తెల్లకాగితాలు ముందుకు లాక్కుని, "ఆ రోజు తాడు గురించి మీ ఆయన ఇంట్లో ఏమన్నాడో, మొదట అది చెప్పండి," అన్నాడు. ఆమె మళ్ళీ కూర్చుంది.